మెడలో బిళ్ల, రిపోర్టులో వైరస్: పెద్దవయసు లింఫోమాపై పాఠకుల ప్రశ్నలు

అరవై దాటినవారిలో వచ్చే లింఫోమాల (లింఫ్ గ్రంథుల్లోని తెల్లకణాల క్యాన్సర్ల) గురించి అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ‘ఈబీవీ’ అనే మూడక్షరాలు కనిపించాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం. జవాబులు ఒక రక్త క్యాన్సర్ నిపుణుడు, ఒక పాథాలజిస్టు కలిసి రాసినవి.

ప్ర: మా నాన్నగారికి 72 ఏళ్లు. మెడలో బిళ్ల తీసి పరీక్ష చేయిస్తే ‘ఈబీవీ పాజిటివ్ డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా’ అని వచ్చింది. ఈ వైరస్ ఆయనకు ఎక్కడ అంటుకుంది? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. వాళ్లను ఆయన దగ్గరికి పంపొచ్చా? — ఖమ్మం

జ: నిరభ్యంతరంగా పంపండి. ఇది ఆయనకు నిన్నమొన్న అంటుకున్న వైరస్ కాదు. చిన్నప్పుడే, ఎవరో ముద్దుపెట్టుకుంటేనో ఎంగిలి గ్లాసుతోనో వచ్చి ఉంటుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఒంట్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ) ఉంది. ఇది చదువుతున్న మీ ఒంట్లోనూ ఉండే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా పసితనంలోనే సోకుతుంది కాబట్టి మామూలు జలుబు జ్వరంలా వచ్చి పోతుంది, ఎవరికీ గుర్తుండదు.

జ్వరం పోతుంది కానీ వైరస్ పోదు. బీ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో దూరి, చప్పుడు చేయకుండా జీవితాంతం ఉండిపోతుంది. టీ కణాలు దాన్ని అణచి ఉంచుతాయి. వయసు పైబడేకొద్దీ ఆ టీ కణాల సత్తువ తగ్గుతుంది. అప్పుడు వైరస్ తయారుచేసే ఎల్ఎంపీ1 అనే ప్రొటీన్, బయటినుంచి ఏ సంకేతమూ రాకపోయినా వచ్చినట్టే కణాన్ని నమ్మించి ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. దీనికితోడు కణం జన్యువుల్లో మరికొన్ని మార్పులు పోగైతే లింఫోమా అవుతుంది. వైరస్ ఒక్కటే చాలదు. చాలి ఉంటే లోకంలో అందరికీ ఈ జబ్బు రావాలి.

ఈ వైరస్‌ను మొదట చూసింది 1964లో, లండన్‌లో. ఉగాండా పిల్లల్లో వచ్చే దవడ కణితి ముక్కల్లో ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇవాన్ బార్, బర్ట్ అచోంగ్ దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనుగొన్నారు. పెద్దవయసులో, వేరే ఏ రోగనిరోధక లోపమూ లేనివాళ్లలో ఇది తెచ్చే లింఫోమాను విడిగా గుర్తించింది మాత్రం 2003లో, జపాన్ పరిశోధకులు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ‘వృద్ధుల ఈబీవీ పాజిటివ్ లింఫోమా’ అని, యాభై దాటినవారికే పరిమితంగా చేర్చారు. చిన్నవయసువారిలోనూ కనబడుతుండటంతో 2016 సవరణలో ఆ ‘వృద్ధుల’ అన్న మాట తీసేశారు. పాత కాగితాల్లో ఆ పేరే ఉంటే కంగారుపడొద్దు, జబ్బు అదే. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా వచ్చినవారిలో ఇది ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో సుమారు 5 నుంచి 15 శాతం ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో ఐదు శాతం లోపే.

ఇది వంశపారంపర్యంగా వచ్చేది కూడా కాదు. ఇంట్లో మిగతావాళ్లు ఈబీవీ పరీక్షలు చేయించుకోనక్కర్లేదు. పిల్లలకు జలుబు, దగ్గు ఉన్నప్పుడు మాత్రం నాలుగు రోజులు ఆయనకు దూరంగా ఉంచండి. అది ఆయన్ని కాపాడటానికి, పిల్లల్ని కాదు.

ప్ర: మా బాపుకు 68. మెడల బిళ్లలు కట్టినయి, సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, మనిషి చిక్కిపోయిండు. సూది పరీక్షల ‘నెక్రోసిస్ ఉంది, టీబీ కావచ్చు’ అని రాసిండ్రు. మూడు నెలల నుంచి టీబీ మందులు వాడుతున్నం. బిళ్లలు తగ్గకపోగా పెరిగినయి. ఇంకా ఎన్ని రోజులు చూడాలె? — కరీంనగర్

జ: ఇంక చూడొద్దు. ఈ వారంలోనే బిళ్ల మొత్తం తీయించి పరీక్షకు పంపించండి.

మాకొచ్చిన ఉత్తరాలన్నిటిలో ముఖ్యమైనది ఇదే, అందుకే కాస్త విడమరిచి చెబుతాం. జ్వరం, చెమటలు, బరువు తగ్గడం టీబీలోనూ ఉంటాయి, లింఫోమాలోనూ ఉంటాయి. మన ప్రాంతంలో టీబీ ఎక్కువ కాబట్టి ముందు దాన్నే అనుమానించడం తప్పేమీ కాదు. చిక్కు ఎక్కడంటే, ఈబీవీ ఉన్న లింఫోమాలో గ్రంథి లోపల పెద్ద పెద్ద భాగాలు చచ్చిపడి ఉంటాయి. సూది నేరుగా ఆ చచ్చిన భాగంలోకి దిగితే స్లైడు మీద కణాల శిథిలాలు తప్ప ఇంకేం కనబడవు. దాన్ని చూసి ‘టీబీ కావచ్చు’ అని రాస్తారు. క్రిమి కనబడలేదు, గ్రాన్యులోమా (టీబీలో కణాలు గుంపుగా కట్టే ముద్ద) కనబడలేదు, ఉత్త నెక్రోసిస్ మాత్రమే ఉంది అంటే అది జవాబు కాదు, మళ్లీ చూడమని అర్థం. టీబీ మందులు మొదలుపెట్టిన తొలివారాల్లో నిజమైన టీబీ బిళ్లలు కూడా కొన్నిసార్లు ఉబ్బుతాయి, ఆ మాట నిజమే. కానీ టీబీ అని క్రిమి పరీక్షలో తేలకుండా మూడు నెలలు వాడి, బిళ్లలు పెరుగుతుంటే ఆ సర్దుబాటు చెల్లదు.

సూది పరీక్షలో విడివిడి కణాలు వస్తాయి, గ్రంథి అల్లిక రాదు. లింఫోమా రకం తేలాలంటే అల్లిక చూడాలి. కాబట్టి వీలైతే బిళ్లను మొత్తంగా తీయాలి. లోతుగా ఉండి తీయడం కుదరకపోతే లావు సూదితో నాలుగైదు కోర్ ముక్కలు తీయాలి. మెడలోనూ గజ్జల్లోనూ బిళ్లలుంటే మెడవే ఎంచుకోమనండి. కాళ్ల పుండ్లకీ పగుళ్లకీ ఊరికే ఉబ్బే గజ్జ బిళ్లలు తరచు ఏమీ తేల్చవు. పెట్ స్కాన్ ముందే అయి ఉంటే అందులో బాగా వెలిగిన బిళ్లను తీయడం ఇంకా మంచిది.

ఆపరేషన్‌కు ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, స్టెరాయిడ్లు వద్దు. నీరసమనో ఆకలి లేదనో ఎవరైనా డెక్సామెథజోన్ ఇంజెక్షన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇస్తే బిళ్లలు నాలుగు రోజుల్లో కరిగిపోతాయి. ఇంట్లో అందరూ సంతోషిస్తారు, తర్వాత తీసిన ముక్కలో చచ్చిన కణాలే మిగులుతాయి. పసరు మందులు, పేరు లేని పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉంది, అవి వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. రెండోది, తీసిన బిళ్లను థియేటర్లోనే రెండు భాగాలు చేయించాలి. చిన్న భాగం ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లో వేసి టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకూ, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కూ పంపాలి. ఫార్మలిన్ పడితే టీబీ క్రిమి చచ్చిపోయి కల్చర్ రాదు. పెద్ద భాగం పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లోకి, ముక్క పరిమాణానికి పదింతల ద్రవం ఉండేలా. బిళ్ల సెంటీమీటరుకు మించి ఉంటే మధ్యకు కోయాలి, లేకపోతే ఫార్మలిన్ లోపలికి దిగేలోపు మధ్యభాగం కుళ్లిపోతుంది. ఇరుకు మూత సీసాలో బిళ్లను కుక్కి, అడుగున కాస్త ఫార్మలిన్ పోసి బస్సులో హైదరాబాదు పంపే సీసాలు పాథాలజీ ల్యాబులకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. సీసా మీద, మూత మీద కాదు, పేరు, వయసు, ఎక్కడినుంచి తీశారో, తీసిన తేదీ, గంట రాసి ఉన్నాయా అని మీరే ఒకసారి చూసుకోండి.

ల్యాబు చేయాల్సిన పరీక్షలు (కణాల మీది గుర్తులను రంగుతో చూపేవి): బీ కణాలకు సీడీ20, పాక్స్5 వంటివి, టీ కణాలకు సీడీ3, పక్కన సీడీ30, సీడీ15, రకం విడదీయడానికి సీడీ10, బీసీఎల్6, మమ్1, వేగం తెలియడానికి కేఐ-67. వైరస్ ఉందో లేదో తేల్చేది ‘ఈబర్ ఐఎస్‌హెచ్’. కణంలో వైరస్ తయారుచేసే ఆర్ఎన్ఏను అది రంగుతో చూపిస్తుంది. ‘ఈబర్ పాజిటివ్’ అని రాస్తే ఎక్కడ పాజిటివ్ అన్నది చదవండి. అక్కడక్కడా నాలుగు చిన్న కణాల్లో రంగు పడితే అది పక్కన తిరిగే పాత వైరస్ కణాలే. సాధారణంగా 80 శాతానికి మించి పెద్ద క్యాన్సర్ కణాల్లో పడితేనే ఈ పేరు పెడతాం. నెగటివ్ అన్న మాటనూ గుడ్డిగా నమ్మొద్దు. ఆర్ఎన్ఏ సున్నితమైనది. ఫార్మలిన్ సరిగా పట్టని ముక్కలోనూ, ఆమ్లంతో మెత్తబరిచిన ఎముక మూలుగ ముక్కలోనూ అది పోతుంది. ఆ ముక్కలో ఆర్ఎన్ఏ బతికి ఉందని చూపే కంట్రోల్ పడిందా అని అడగవచ్చు. అది మీ హక్కు.

పారఫిన్ బ్లాకులు (ముక్కను మైనంలో పోసి ఉంచిన దిమ్మెలు), స్లైడ్లు ల్యాబునుంచి అడిగి తెచ్చుకుని భద్రంగా, ఎండ తగలని చోట పెట్టుకోండి. మరో ఆసుపత్రికి వెళ్తే వాళ్లు మొదట అడిగేవి అవే.

ప్ర: హెల్త్ ప్యాకేజీలో ‘ఈబీవీ వీసీఏ ఐజీజీ పాజిటివ్’ వచ్చింది. నాకు 61. లింఫోమా వస్తుందా? — విజయవాడ

జ: ఆ పరీక్ష చెప్పేది ఒక్కటే, మీకెప్పుడో ఈ వైరస్ సోకింది అని. నూటికి తొంభైమందికి వచ్చే ఫలితం ఇది. ఏ లక్షణమూ లేని మనిషికి ఈ పరీక్ష ప్యాకేజీలో ఎందుకు పెడతారో మాకు అంతుబట్టదు. లింఫోమా ఉన్నట్టు తేలినవారిలో రక్తంలో ఈబీవీ డీఎన్ఏ ఎంత ఉందో పీసీఆర్‌తో కొలవడం వేరు. మందు పనిచేస్తుంటే ఆ అంకె పడిపోతుంది కాబట్టి దారి తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. ముక్క పరీక్షకు బదులు మాత్రం కాదు.

ప్ర: మా అత్తగారికి 70. కీళ్లవాతానికి తొమ్మిదేళ్లుగా మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. నాలుక పక్కన పుండు రెండు నెలలైనా మానలేదు. ముక్క తీస్తే ఈబీవీ పాజిటివ్ పెద్ద బీ కణాలున్నాయన్నారు. ఇక్కడ వెంటనే కీమో అంటున్నారు. — తెనాలి

జ: కీమో కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఇది ఈబీవీ పాజిటివ్ మ్యూకోక్యుటేనియస్ అల్సర్ అయ్యే అవకాశం ఉందా?” 2010లో విడిగా వర్ణించిన జబ్బు ఇది. నోట్లో, టాన్సిల్ మీద, చర్మం మీద, పేగుల్లో అంచులు స్పష్టంగా ఉన్న ఒంటరి పుండుగా వస్తుంది. మైక్రోస్కోపు కింద లింఫోమాలాగే, కొన్నిసార్లు హాడ్జ్‌కిన్ అనే మరో రకం లింఫోమాలాగే కనిపించి మనల్ని దారి తప్పిస్తుంది. తేడా స్లైడులో కంటే మనిషిలో ఉంటుంది. ఒక్కచోటే పుండు, ఒంట్లో ఇంకెక్కడా బిళ్లలు లేవు, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) మామూలుగా ఉంది, రక్తంలో వైరస్ డీఎన్ఏ లేదు, పైగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఏళ్లుగా నడుస్తోంది అంటే బాగా ఆలోచించాలి.

మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్ లాంటివి ఆపేస్తే చాలామందిలో ఇది కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. కీళ్ల డాక్టరు, రక్త క్యాన్సర్ డాక్టరు మాట్లాడుకుని ఆపాలి, మీరే ఇంట్లో ఆపకండి. పుండును వారం వారం కొలిచి, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పక్కన స్కేలు పెట్టి, ఒకే వెలుతురులో తీయండి. పుండు పెరిగినా, బిళ్లలు కొత్తగా వచ్చినా, జ్వరం వచ్చినా ఎదురుచూపులు మానాలి. మెథోట్రెక్సేట్ వాడేవారిలో బిళ్లలతో వచ్చే అసలు లింఫోమా కూడా ఉంది. దానిలోనూ ఒంటి తీరు నిదానంగా ఉంటే మందు ఆపి కొద్దివారాలు చూస్తారు, ఉధృతంగా ఉంటే చూడరు.

ప్ర: వైరస్ వల్ల వచ్చిన జబ్బు కదా, ఎసైక్లోవిర్ వేస్తే తగ్గదా? కీమోతోపాటు మా అమ్మకు ఆ మాత్రలే రాశారు మరి. — అనంతపురం

జ: వేరే వైరస్ కోసం రాశారు. ఎసైక్లోవిర్ పనిచేయాలంటే వైరస్ తనను తాను కాపీ చేసుకుంటూ, ఆ మాత్రను మందుగా మార్చే ఎంజైమును తయారుచేస్తూ ఉండాలి. లింఫోమా కణాల్లో ఈబీవీ నిద్రలో ఉంటుంది, కణం విభజన చెందినప్పుడు దానితో పాటే పంచుకుంటుంది. మందు దాన్ని తాకదు. మీ అమ్మగారికి ఇచ్చింది కీమో సమయంలో సర్పి లేవకుండా. అది మానేయొద్దు.

ప్ర: తాతయ్యకు 81. ఈబీవీ పాజిటివ్ లింఫోమా, మూడో దశ. ‘ఈ వయసులో కీమో ఏం తట్టుకుంటారు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్నారు ఒకచోట. మరోచోట ఆరు సైకిళ్లు అన్నారు. ఎవరి మాట వినాలి? — రాజమహేంద్రవరం

జ: వయసు అంకె చూసి ఇంటికి పంపడం పాతకాలపు పద్ధతి. జబ్బు రాకముందు తాతయ్య ఏం చేసేవారో ముందు చెప్పండి. స్నానం తనే చేసేవారా, బజారుకెళ్లేవారా, డబ్బు లెక్క చూసుకునేవారా, గత ఏడాది ఎన్నిసార్లు పడ్డారు? ఇప్పుడు మంచం పట్టింది జబ్బువల్లా, అంతకుముందునుంచేనా? జబ్బువల్ల అయితే మందుతో లేస్తారన్న ఆశకు ఆధారం ఉంది.

మామూలు చికిత్స ఆర్-చాప్, అంటే మూడు కీమో మందులు, ప్రెడ్నిసొలోన్ కలిసిన ‘చాప్’కు బీ కణాలను పట్టుకునే యాంటీబాడీ మందు రిటుక్సిమాబ్ చేర్చిన కూర్పు. 21 రోజులకొకసారి, ఆరు సైకిళ్లు (విడతలు). అరవై నుంచి ఎనభై ఏళ్లవారిలో చాప్‌కు రిటుక్సిమాబ్ కలిపితే ఎక్కువమంది బతుకుతారని 2002లో ఫ్రెంచి బృందం చూపించింది. ఎనభై దాటినవారికి అదే కూర్పులో కీమో మందులను దాదాపు సగం మోతాదుకు తగ్గించి ఇచ్చి, 2011లో ఫ్రాన్స్, బెల్జియం వైద్యులు ఫలితాలు ప్రకటించారు. రెండేళ్లకు 59 శాతం మంది బతికి ఉన్నారు. దీన్నే ఆర్-మినీ-చాప్ అంటాం. ఆ అంకె డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా మొత్తానిది, ఈబీవీ ఉన్నవారిది విడిగా కాదు.

మోతాదు శరీర వైశాల్యాన్ని బట్టి. ఎత్తు సెంటీమీటర్లను బరువు కిలోలతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. 160 సెం.మీ., 55 కిలోల మనిషికి 1.56 చదరపు మీటర్లు వస్తుంది. రిటుక్సిమాబ్ చదరపు మీటరుకు 375 మి.గ్రా. చొప్పున సుమారు 585. వయల్స్ 500, 100 సైజుల్లో వస్తాయి కాబట్టి 600 చేసి ఇస్తారు. డాక్సోరూబిసిన్ పూర్తి మోతాదు 50 చొప్పున 78 మి.గ్రా., మినీలో 25 చొప్పున 39. సైక్లోఫాస్ఫమైడ్ 750 చొప్పున 1170, మినీలో 400 చొప్పున 625 దాకా. విన్‌క్రిస్టిన్ లెక్కకు ఎంత వచ్చినా 2 మి.గ్రా. దాటదు, మినీలో 1 మి.గ్రా. మాత్రమే. ప్రెడ్నిసొలోన్ అయిదు రోజులు. బరువు ప్రతి సైకిలుకూ మళ్లీ చూడాలి. చిక్కిపోతున్న మనిషికి మొదటి రోజు బరువుతోనే ఆరు సైకిళ్లూ నడపకూడదు.

తొలి డోసే పెద్దవాళ్లకు గండం. అందుకే ముక్క రిపోర్టు చేతికొచ్చాక, కీమోకు ముందు అయిదు నుంచి ఏడు రోజులు ప్రెడ్నిసొలోన్ 60 నుంచి 100 మి.గ్రా. ఇస్తాం. ఇందాక వద్దన్న స్టెరాయిడే ఇక్కడ మందు. పరీక్షకు ముందు చేటు చేసేది పరీక్ష తర్వాత మేలు చేస్తుంది. ఆ వారంలో చాలామంది లేచి కూర్చుంటారు, ఏ మోతాదు తట్టుకుంటారో అప్పుడే తేలుతుంది. గడ్డల బరువు ఎక్కువ ఉంటే అల్లోప్యూరినాల్, తగినంత సెలైన్ ఇస్తారు. కణాలు ఒక్కసారిగా చచ్చి యూరిక్ యాసిడ్, పొటాషియం, ఫాస్ఫేట్ పెరిగి కిడ్నీలు దెబ్బతినకుండా ఇది. యూరిక్ యాసిడ్‌ను త్వరగా తగ్గించే రాస్‌బ్యూరికేస్ అవసరమైతే ముందు జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష చేయాలి, ఆ లోపం ఉన్నవారిలో అది ఎర్రకణాలను పగలగొడుతుంది.

డాక్సోరూబిసిన్ గుండె మీద పడుతుంది, కాబట్టి టూడీ ఎకో లేకుండా మొదలుపెట్టరు. పంపింగ్ బాగా తక్కువగా ఉంటే దాని బదులు ఎటోపోసైడ్ వంటివి వాడతారు. మొదటిసారి రిటుక్సిమాబ్ ఎక్కించేటప్పుడు చలి, వణుకు, బీపీ పడిపోవడం మామూలు. గంటకు 50 మి.గ్రా.తో మొదలుపెట్టి అరగంటకోసారి పెంచుతారు, రోజంతా పడుతుంది. బీపీ మాత్ర ఆ ఉదయం వేయాలా వద్దా అన్నది ముందురోజే అడగండి. చాలామందికి ఆపమంటాం. ఎర్రమందు (డాక్సోరూబిసిన్) ఎక్కిన రోజున మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదు, మందు రంగే.

ప్ర: కీమోకు ముందు పరీక్షల్లో హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ వచ్చింది. పచ్చకామెర్లు ఎప్పుడూ రాలేదు. ఏం కాదన్నారు. నిజంగా ఏం కాదా? — నెల్లూరు

జ: రిటుక్సిమాబ్ ఇవ్వబోతుంటే చాలా అవుతుంది. ఆ ఫలితానికి అర్థం, ఎప్పుడో హెపటైటిస్ బి వచ్చి పోయినా దాని డీఎన్ఏ కాలేయ కణాల్లో మిగిలి ఉంది అని. రిటుక్సిమాబ్ బీ కణాలను తుడిచిపెట్టగానే ఆ వైరస్ లేచి, కీమో అయిపోయిన నెలల తర్వాత కూడా కాలేయాన్ని కూల్చేయగలదు. అందరూ ‘లింఫోమా తగ్గింది’ అని ఊపిరి పీల్చుకున్నాక కామెర్లు వస్తాయి. ఇది తప్పించగలిగిన మరణం కాబట్టి మాకు దీని మీద పట్టుదల ఎక్కువ.

చేయాల్సింది: హెపటైటిస్ బి డీఎన్ఏ పరీక్ష, ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ రోజూ ఒక మాత్ర. ఎంటెకావిర్ 0.5 మి.గ్రా. ఖాళీ కడుపున, తిండికి రెండు గంటలు అటూ ఇటూ. కిడ్నీ పని తక్కువైతే మోతాదు తగ్గించాలి. కీమో మొదలయ్యేలోపే మాత్ర మొదలుపెట్టి, చివరి రిటుక్సిమాబ్ తర్వాత కనీసం 12 నెలలు, కొన్ని మార్గదర్శకాల ప్రకారం 18 నెలలు వాడాలి. ఆపాక కూడా ఇంకో ఏడాది కాలేయ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ‘కీమో అయిపోయిందిగా’ అని మాత్ర మానేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఒకే కాగితంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి పరీక్షలూ చేయించండి. వీటి ఫలితాన్ని బట్టి జబ్బు పేరే మారే సందర్భాలున్నాయి.

ప్ర: మా ఊరినుంచి ఆసుపత్రికి రెండున్నర గంటల దారి. కీమో తర్వాత ఇంట్లో ఏమేం చూసుకోవాలి? — ఆదిలాబాద్ జిల్లా

జ: డిజిటల్ థర్మామీటరు కొనండి, చెయ్యి పెట్టి చూసే జ్వరం లెక్కలోకి రాదు. కీమో రోజునుంచి ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు అట్టడుగుకు పడతాయి. ఆ వారంలో 100.4 డిగ్రీల ఫారిన్‌హీట్ దాటితే, పగలైనా అర్ధరాత్రైనా బయల్దేరండి. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకోవద్దు, జ్వరం తగ్గినట్టు కనబడుతుంది, రక్తంలో బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. రెండున్నర గంటల దారి కాబట్టి, అవసరమైతే మొదటి డోసు ఇవ్వగల దగ్గరి ఆసుపత్రి ఏదో, ఏ ఇంజెక్షనో మీ డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకోండి. స్టెరాయిడ్ వాడే పెద్దవాళ్లలో జ్వరం రాకపోవచ్చు. మాట తడబడటం, చలి, ఉన్నట్టుండి మత్తుగా పడుకోవడం ఇవి కూడా జ్వరంతో సమానం.

అరవై అయిదు దాటినవారికి తెల్లకణాల సంఖ్యను (కౌంట్లు) లేపే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 6 మి.గ్రా. ఇంజెక్షన్ కీమో అయ్యాక 24 గంటలు గడిచాకే ఇవ్వాలి. ఊరికి తిరుగు ప్రయాణం ఉందని అదే సాయంత్రం వేయించుకోవద్దు. చల్లని పెట్టెలో తీసుకెళ్లి మర్నాడు ఊళ్లో వేయించుకోవచ్చు. తర్వాత నడుము, ఎముకలు లాగితే భయపడకండి.

తిండి విషయంలో అతి జాగ్రత్తతో పస్తులు పెట్టేవాళ్లే ఎక్కువ. వేడిగా వండినది ఏదైనా తినొచ్చు. గుడ్డు గట్టిగా ఉడికించి పెట్టండి. బయటి చట్నీలు, కోసి పెట్టిన పండ్లు, చెరుకురసం వద్దు. నోటిపూత ఉన్నన్నాళ్లు కారం, ఆవకాయ మంట పుట్టిస్తాయి, అందుకే వద్దంటాం తప్ప మరేం లేదు.

విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే పొట్ట ఉబ్బి అత్యవసర పరిస్థితి అవుతుంది. మొదటి రోజునుంచే లాక్టులోస్ వంటి సిరప్ వాడాలి. ఎనిమా, మలద్వారంలో పెట్టే మందులు మాత్రం కౌంట్లు పడినప్పుడు పనికిరావు, అక్కడ చిన్న గీత పడినా ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతుంది. తామరకు ఊళ్లో ఇట్రాకొనజోల్ రాస్తే వేయించొద్దు. అది విన్‌క్రిస్టిన్‌ను ఒంట్లో నిలవబెట్టి తిమ్మిర్లను, మలబద్ధకాన్ని పెంచుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు, చెప్పు కాలినుంచి జారిపోతున్నా తెలియడంలేదు అంటే తర్వాతి సైకిలుకు ముందే చెప్పాలి.

షుగర్ ఉన్నవారికి ప్రెడ్నిసొలోన్ వేసే అయిదు రోజులూ సాయంత్రం చక్కెర ఎగబాకుతుంది. పొద్దున పరగడుపు పరీక్ష బాగుందని మురిసిపోతే మోసపోతారు. మధ్యాహ్న భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు చూడండి. మాత్ర ఉదయం టిఫిన్‌తో వేస్తే రాత్రి నిద్ర చెడదు.

ప్ర: రిపోర్టులో ‘సీడీ20 నెగటివ్, సీడీ138 పాజిటివ్, ఈబర్ పాజిటివ్, ప్లాస్మాబ్లాస్టిక్’ అని ఉంది. అయినా రిటుక్సిమాబ్ రాశారు. — హైదరాబాద్

జ: రిటుక్సిమాబ్ పట్టుకునేది సీడీ20నే. అది లేని కణం మీద దానికి పని లేదు. డబ్బు పోసే ముందు వివరణ అడగండి. పొరపాటున పాత పద్ధతిలో రాసి ఉండవచ్చు. ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా (సీడీ20 పోగొట్టుకున్న ఉధృతమైన బీ కణ లింఫోమా) అయితే హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, పెద్దవయసువారైనా సరే. మొహమాటంతో ఈ పరీక్ష దాటవేసిన కేసులు ఉండకూడదు.

ప్ర: మా అమ్మ గుంటూరులో, నేను డాలస్‌లో. ఆమెకు 74. నాలుగు సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్‌లో ఒకచోట ఇంకా వెలుగుతోంది. ఈబీవీ ఉన్న రకం మొండిదని ఇంటర్నెట్‌లో చదివాను. మందు మార్చాలా? — డాలస్

జ: రిటుక్సిమాబ్ రాకముందు ఈ రకానికి చెడ్డపేరే ఉండేది. తర్వాతి అధ్యయనాలు ఒకే మాట చెప్పడంలేదు. కొన్నిటిలో మిగతా లింఫోమాతో సమానంగా, కొన్నిటిలో తక్కువగా ఫలితాలున్నాయి. ఆమె విషయంలో భవిష్యత్తును ఎక్కువగా తేల్చేవి వయసు, ఎల్‌డీహెచ్, దశ, మంచానికి ఎంత పరిమితమయ్యారు, గ్రంథుల బయట ఎన్నిచోట్ల ఉంది అన్న అయిదు. వాటిని కలిపి ఐపీఐ అంటాం, అది రిపోర్టులో ఎంతో ముందు తెలుసుకోండి.

స్కాన్ రిపోర్టులో ‘డోవిల్’ స్కోరు (వెలుగు ఎంత ఉందో 1 నుంచి 5 వరకు ఇచ్చే అంకె) వెతకండి. 1, 2, 3 అయితే సాధారణంగా తగ్గినట్టే. 4 అంటే కాలేయం కంటే ఎక్కువ వెలుగు. అయినా మొదటి స్కానుతో పోల్చి వెలుగు బాగా తగ్గి ఉంటే చికిత్స సాగించి చివర్లో చూస్తారు. 5 వస్తే, లేదా కొత్త చోట వెలిగితే, మందు మార్చే ముందు అక్కడినుంచి మళ్లీ ముక్క తీయాలి. కీమో వల్ల తగ్గిన నిరోధక శక్తితో టీబీ లేస్తే కూడా స్కాన్ ఇలాగే వెలుగుతుంది. గుంటూరులో ఆ అవకాశాన్ని పక్కన పెట్టలేం, డాలస్ డాక్టరుకు అది వెంటనే తట్టకపోవచ్చు.

నిజంగా మొండిదే అయితే, ఈబీవీ ఉన్న కణాల్లో సీడీ30 తరచు ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకునే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్ అనే మందు ఒక దారి. పోలాటుజుమాబ్ అనే మరో మందు కలిపే పద్ధతులున్నాయి. మన దేశంలోనే ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టీ చికిత్స (రోగి టీ కణాలనే తీసి, క్యాన్సర్‌ను పట్టేలా మార్చి తిరిగి ఎక్కించేది) నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, తిరగబెట్టిన బీ కణ లింఫోమాకు వాడుతున్నారు. 74 ఏళ్లన్నది ఒక్కటే దానికి అడ్డు కాదు.

ప్ర: ఖర్చు ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీలో దొరుకుతుందా? — నల్లగొండ, ఒంగోలు

జ: రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌ను (అసలు మందును పోలిన వేరే కంపెనీ తయారీని) 2007లోనే హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ‘రెడిటక్స్’ పేరుతో తెచ్చింది. ఇప్పుడు ఇంకా చాలా బ్రాండ్లున్నాయి, ధర బ్రాండుకూ దుకాణానికీ మారుతుంది. ఒక సైకిలు ఒక బ్రాండు, ఇంకోటి వేరే బ్రాండు అని మార్చుకుంటూ పోకుండా ఒకదానికే కట్టుబడమంటాం, రియాక్షన్ వస్తే దేనివల్లో తెలియాలి కదా.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరునుంచి పది లక్షలు. ఆంధ్రలో ఇదే పథకం ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. డెబ్బై దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల వరకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. మీ ఆసుపత్రి ఏ పథకంలో, ఏ మందుకు అనుమతి ఉందో అక్కడి ఆరోగ్యమిత్రను (పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే సహాయకుణ్ని) అడగాలి. ముందస్తు అనుమతికి వాళ్లు కోరేది ముక్క పరీక్ష రిపోర్టు, ఇమ్యునో (సీడీ20 వంటి గుర్తుల) రిపోర్టు, స్కాన్, ఆధార్, రేషన్ కార్డు. ‘లింఫోమా అనుమానం’ అని రాసిన సూది పరీక్ష కాగితంతో వెళ్తే తిరిగి పంపిస్తారు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ ఉన్నాయి.

ప్ర: ఫ్లూ టీకా, సర్పి టీకా వేయించవచ్చా? — కాకినాడ

జ: బతికి ఉన్న వైరస్‌తో చేసిన టీకాలేవీ వద్దు. మామూలు ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకోకల్ టీకా, సర్పికి వచ్చిన రీకాంబినెంట్ రకం వేయించవచ్చు. కీమోకు రెండు వారాల ముందు కుదిరితే మంచిది. ఉధృతంగా ఉన్న లింఫోమాలో టీకా కోసం కీమో ఆపడం మాత్రం తగదు. చివరి రిటుక్సిమాబ్ తర్వాత ఆరు నెలల వరకు టీకాలు సరిగా పట్టవు. ఈలోగా ఇంట్లో మిగతావాళ్లందరూ ఫ్లూ టీకా వేయించుకోండి.